కానీ కార్డుపై కుటుంబ చరిత్ర

“ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట మీ క్షేమసమాచారములు తెలియజేయ గోరెదము.” ఈ రెండు వాక్యములను వినని తెలుగు ఇల్లు మొన్నమొన్నటి వరకు లేదనవచ్చును. సంస్కృత పరిచయము కలవారు వీనినే కుదించి ‘ఉభయకుశలోపరి’ యని ఒక్క మాటలో ముగించెడివారు. ఇరువైపుల వారును కుశలమే, ఆపైని చెప్పవలసినది ఏమనగా, అని దాని భావము. ఆపైని చెప్పవలసినవన్నియు ఇంటి సంగతులే. చిన్నవానికి జ్వరము తగ్గి పథ్యము పెట్టినారు. మామగారి మోకాళ్ళ నొప్పులు అట్లే ఉన్నవి. ఎండలు మెండుగా నున్నవి. బావిలో నీరు అడుగంటినది. ఆవకాయ ఈ యేడు రెండు జాడీలే పెట్టినారు.

రాజుల చరిత్ర వ్రాయువారు ఇట్టి సంగతులను లెక్కింపరు. శాసనములు దానధర్మములను చెప్పినవి, దండకవిలెలు భూముల లెక్కలను చెప్పినవి. ఇంటిలో ఎవరికి ఒళ్ళు బాగుండలేదో, ఆ వేసవి ఎట్లు గడచినదో చెప్పు వ్రాత సామాన్యుని ఇంట పుట్టుటకు చాల కాలము పట్టినది. అది పుట్టుటకు ముఖ్యకారణము పాండిత్యము కాదు, ధర. క్షేమవార్త ఒక కానీకి దిగివచ్చిన తరువాతనే మన కుటుంబముల చరిత్ర కాగితము మీదికి వచ్చినది.

అంతకు పూర్వము వార్తలు పంపగలవారు ప్రభువులును, వర్తకులును మాత్రమే. ప్రభువులకు వేగులవారుండిరి. వర్తకులకు హుండీలు మోసికొనిపోవు మనుష్యులుండిరి. తక్కినవారికి దారిని పోవు బైరాగియో, బండివాడో, తీర్థమునకు వచ్చిన బంధువో దిక్కు. అతడు చెప్పినది వార్త, మరచినది మరపు. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత ఊరక పుట్టలేదు. దారిలోని అపాయములు కొంత కారణమైనను, పోయినవాని సంగతి నెలల తరబడి తెలియకుండుటయు అందులకు కారణమే.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి 1831లో తిరిగి వచ్చిరి. దారిలోని మజిలీలు, నీటివసతి, తిండిపదార్థములు మొదలగువానిని దినచర్యగా వ్రాసి తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి పంపిరి. అది 1838లో గ్రంథరూపమున వెలువడినది. నాటి నిత్యజీవితమును తెలిసికొనుటకు మనకున్న అమూల్యమైన ఆధారములలో అది యొకటి. కాని వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా ఉద్యోగము చేసినవారు. పలుకుబడి కలవారు. వారితోకూడ పోయిన బోయీలు, పరిచారకులు తమ యిండ్లకు తమ క్షేమమును తెలుపుటకు ఏ సాధనముండెను? ఆ యిండ్లలోని ఆడువారు పదునైదు నెలలు ఏమని తలపోసిరో ఏ గ్రంథమును చెప్పదు.

కంపెనీ ప్రభుత్వము 1774లో బెంగాలునందు ప్రజల జాబులను రుసుముపై చేరవేయ మొదలుపెట్టినది. అప్పటి రుసుము దూరమును బట్టి, ప్రతి 100 మైళ్ళకు 2 అణాలు. ఆ పద్ధతిలో దూరముననున్న బిడ్డ క్షేమము తెలిసికొనుటకే ఎక్కువ సొమ్ము కావలెను. ఎవరికి వార్త ఎక్కువ అవసరమో వారికే అది ఎక్కువ ప్రియము. ఈ అన్యాయము 1854లో తొలగినది. ఆ సంవత్సరపు చట్టముచే పావు తులము బరువుగల జాబునకు, దూరముతో నిమిత్తము లేక, అర్ధణా రుసుము ఏర్పడెను. పొరుగు తాలూకాకు పంపినను, హిమాలయముల అడుగునకు పంపినను ఒకటే ధర.

అర్ధణా కూడ కూలివానికి చిన్న మొత్తము కాదు. 1869లో ఆస్ట్రియా దేశము మొదటిసారిగా తపాలా కార్డును ప్రవేశపెట్టినది. పది సంవత్సరముల పిమ్మట, 1879 జూలై 1వ తేదీన, అది మన దేశమునకు వచ్చినది. ధర పావు అణా, అనగా ఒక కానీ. దక్షిణదేశమును మాడ్చివేసిన ధాత కరవు ముగిసి అప్పటికి ఎక్కువ కాలము కాలేదు. ఊళ్ళు విడిచి చెల్లాచెదరైన కుటుంబములెన్నో ఉండగా ఇంత చౌకయైన సాధనము లభించుట సామాన్యమైన విషయము కాదు.

అయితే తెలుగుదేశమంతయు ఒకే తపాలాక్రింద లేదు. నిజాం రాష్ట్రమునకు వేరు తపాలా కలదు. 1869 మొదలు దాని బిళ్ళలు వేరు. ఆ బిళ్ళలపై తెలుగు అక్షరములును కనబడెడివి. ఆ తపాలా 1950లోగాని భారత తపాలాలో కలియలేదు. మరియొక చిత్రము. విశాఖ, గోదావరి మండలములనుండి వేలకొలది జనులు ఓడలెక్కి రంగూనునకు కూలికి పోయెడివారు. బర్మా 1937 ఏప్రిల్ 1వ తేదీ వరకు భారతదేశములో భాగముగనే పాలింపబడుటచే, సముద్రము దాటి పోవు జాబునకును దేశీయపు ధరయే. నౌపడాకు వ్రాసినను, రంగూనునకు వ్రాసినను కార్డు ఒకటే. భార్యాబిడ్డలను విడిచి ధాన్యపు మిల్లులలో పనిచేసినవానికి ఆ కార్డుముక్కయే ఇంటితో మిగిలిన బంధము.

ఇక ఆ కార్డును ఎవరు వ్రాసిరి, ఎవరు చదివిరి? 1901 జనాభా లెక్కలలో మన దేశపు స్త్రీలలో అక్షరాస్యులు నూటికి ఒక్కరైనను లేరు. పురుషులలో నూటికి పదిమంది లేరు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టినది ఇట్టి కాలముననే. కనుక అనేకులు తమ జాబును ఇతరునిచే వ్రాయించిరి, వచ్చినదానిని ఇతరునిచే చదివించుకొనిరి. బడిపంతులు, కరణము, తపాలా బంట్రోతు, బడికిపోవు పిల్లవాడు, వీరే ఊరికి కన్నులు. తల్లి కుమారునితో చెప్పదలచిన మాట పరాయివాని చేతిమీదుగా పోవలెను, కోడలి కష్టము ఆమె మామగారి యెదుట చదువబడవలెను. పైగా కార్డునకు కవరు లేదు. అందుచేతనే మన జాబులు క్షేమముతో ప్రారంభమై క్షేమముతోనే ముగిసినవి. చెప్పరాని దుఃఖమును ‘అంతయు క్షేమమే’ అను మాట ఎంత దాచినదో ఊహింపవలసినదే.

చోటు కొంచెము గనుక సంక్షేపములు పుట్టినవి. పెద్దలకు ‘మ.రా.రా.శ్రీ’, పిన్నలకు ‘చి’, ముత్తయిదువకు ‘చి.ల.సౌ’. భర్త పోయిన స్త్రీకి ‘గం.భా.స’, అనగా గంగాభాగీరథీ సమానురాలని. ఒకే యింటికి వచ్చిన కార్డులను తేదీల వరుసను పేర్చి చూడుడు. ఒక ఆడుబిడ్డ పేరునకు ముందు కొన్ని యేండ్లు ‘చి.ల.సౌ’ యని యుండును. ఒక దినమునుండి ఆ మూడక్షరములు మారిపోవును. మరణవార్త తెచ్చిన కార్డు ఆ వరుసలో ఉండదు. శుభవార్తల జాబునకు నాలుగు మూలల పసుపు పూసి దాచుకొనిన మన పెద్దలు, అశుభలేఖను చదివిన వెంటనే చించి పారవైచెడివారు. కాబట్టి ఆ యింటి మహావిపత్తునకు మిగిలిన సాక్ష్యము చిరునామాలోని ఆ మార్పు ఒక్కటే.

అనారోగ్యమును గూర్చిన మాటలును చరిత్రయే. ‘పిల్లకు అమ్మవారు పోసినది, తల్లి దయవలన తగ్గుముఖము పట్టినది’ అని వ్రాసిరేకాని మశూచికమని వ్రాసినవారు తక్కువ. కోస్తావారు వాంతిభేది యన్నదానిని తెలంగాణమువారు గత్తర యనిరి. మన్యమునకు ఉద్యోగముపై పోయినవాడు పంపు కార్డులో చలిజ్వరము తప్పనిసరి. మశూచికము మన దేశమునుండి 1975లో తొలగిపోయినది. 1980లో ప్రపంచమంతట అంతరించినట్లు ప్రకటింపబడినది. అటుపిమ్మట ‘అమ్మవారు పోసినది’ అను వాక్యమునకు ఆ వెనుకటి భయము లేదు. ఒక వ్యాధి పోయినప్పుడు దానితోకూడ ఒక భయమును, ఆ భయమునకు తగిన మాటతీరును పోవును. ఆ భయము ఎట్టిదో తెలియవలెననిన వైద్యశాఖ నివేదికకంటె ఒక తల్లి వ్రాయించిన కార్డు మేలు.

తపాలా కార్యాలయము రోగవార్తతోపాటు మందును కూడ అందించిన కాలము కలదు. 1892 మొదలు బెంగాలులో కొయినా పొడిని చిన్న పొట్లములుగా కట్టి తపాలా కచ్చేరీలలో అమ్మిరి. పిమ్మట ఇతర రాష్ట్రములకును ఆ పద్ధతి వ్యాపించినది. పొట్లము ధరయు కార్డు ధరయే, ఒక కానీ. ఐదు సంవత్సరముల తరువాత, 1897 ఆగస్టులో, రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొని ఆ జ్వరమునకు మూలమును చూపెను. ఆ విషయము పల్లెకు చేరుటకు చాల యేండ్లు పట్టినది. కాని జ్వరము వచ్చినదన్న కార్డును, ఆ జ్వరమునకు మందును ఒకే కిటికీకడ దొరకుట మాత్రము జనులకు అంతకు ముందే అనుభవములోనికి వచ్చినది.

ఇక ఎండల మాట. జాబులో ఎండలను గూర్చి వ్రాయుట ఏమియు తోచనివాని పనియని నేటివారు తలంతురు. అది పొరపాటు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది మొదలు ఉష్ణమాపకము డిగ్రీలను చెప్పుచునే యున్నది. ఆ డిగ్రీ ఇంటిలో ఏమి చేసినదో చెప్పునది జాబు. ‘కర్తరి ప్రవేశించినది’ అనిన ఇంటి కట్టుబడి ఆగినదని తెలియవలెను. ‘రోహిణి ముగిసిన పిమ్మట అమ్మాయిని పంపెదము’ అనిన ఆమె నిండు మనిషియనియో, బండిప్రయాణము పడదనియో గ్రహింపవలెను. ‘పశువులకు మేత లేదు’ అనిన అప్పు కావలెనని సూచన. ‘మృగశిర వచ్చినను చినుకు లేదు’ అనునది రాబోవు సంవత్సరమును గూర్చిన దిగులు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునను నాడు, విసనకఱ్ఱ, మజ్జిగ, తడిపిన వట్టివేళ్ళ తడిక తప్ప వేరు శరణ్యము లేదు. విద్యుచ్ఛక్తి వచ్చిన తరువాత కూడ వేసవి నవ్వులాట కాలేదు. 2003లోను, 2015లోను తెలుగు ప్రాంతములలో వడదెబ్బకు ఒక్కొక్క యేట వేయికి మించి ప్రాణములు పోయినవి. ఎండలో తిరుగవద్దని తండ్రి జాబు చివర వ్రాసిన వాక్యము మర్యాదకు వ్రాసినది కాదు.

జాబు రాకుండుటయు ఒక వార్తయే. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. 1942లో లక్షలాది భారతీయులు అడవులమీదుగను, కొండలమీదుగను కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో ప్రాణములు విడిచినవారెందరో. ఉత్తరాంధ్రమున ఎన్నియో ఇండ్లలో తపాలా బంట్రోతు కొరకు వీధియరుగుపై కూర్చుండుట నిత్యకృత్యమైనది. కొందరి విషయములో మనిషియే తిరిగి వచ్చెను. కొందరి విషయములో మనిషియు రాలేదు, కార్డును రాలేదు.

కానీ కార్డు 1922లో అర్ధణా అయినది. ఆ పిదప ధర పెరుగుచు వచ్చెను. 1950లో ఇన్‌లాండు లెటరు వచ్చి, మడతపెట్టి అంటించుటచే ఇంటి గుట్టునకు కొంత మరుగు కల్పించినది. బడికి పోయిన ఆడుపిల్లలు తమ జాబును తామే వ్రాసికొనజొచ్చిరి. పరాయి చేతిమీదుగా పోయిన క్షేమవార్తకు అప్పుడు సొంత గొంతు వచ్చినది. తలుపు తట్టగనే ఇంటిల్లిపాదిని ఏడ్పించిన తంతి 2013 జూలైలో నిలిచిపోయినది. ఇప్పుడు దూరదేశములోనున్న బిడ్డ ముఖమును చేతిలోని ఫోనులో చూచుచు, జ్వరము తగ్గినదా యని అడుగుచున్నాము. ఎడబాటు బాధ ఇంత తగ్గినందులకు సంతోషింపవలసినదే. కాని ఆ మాటలు మాటలాడిన వెంటనే గాలిలో కలిసిపోవుచున్నవి. మన ముత్తవ్వకు వచ్చిన జ్వరము కార్డుపై నిలిచియున్నది. మన జ్వరము నిలుచుట దుర్లభము.

అనేక గృహములలో గోడమేకునకు ఒక ఇనుపతీగ వ్రేలాడుచుండెడిది. వచ్చిన కార్డులన్నియు దానికి గ్రుచ్చబడియుండెడివి. ఇల్లు మారినప్పుడో, సున్నము వేయించినప్పుడో వానిని పొయ్యిలో వేయుట వాడుక. అట్టి కట్ట ఇంకను ఏ అటకపైననో మిగిలియున్నచో, దానిని విప్పి చూడుడు. ప్రతి కార్డుపై సాధారణముగ రెండు ముద్రలుండును, బయలుదేరిన ఊరిది ఒకటి, చేరిన ఊరిది మరియొకటి. ఆ రెండు తేదీల నడుమ ఎన్ని దినములున్నవో లెక్కింపుడు. ఆ దినములన్నియు ఒకరు ఎదురుచూచిరి. ముద్ర అరిగిపోకముందే ఆ తేదీని, అందలి పేర్లను, చుట్టరికములను ఎరిగిన పెద్దలనడిగి వేరొక కాగితముపై వ్రాసి పెట్టుడు. చదువుట చేతగాని ఆ కాలపు తల్లులు కానీ ఖర్చుపెట్టి మనకు మిగిల్చిన చరిత్ర అదియే.