ఏడు వరుసల క్యూబు ఎందుకంత ఆలస్యంగా వచ్చింది?

రూబిక్స్ క్యూబ్‌ను చూడని విద్యార్థి ఉండడేమో. మా కె.ఆర్.పురం బొమ్మల అంగళ్లలో కూడా అది కనిపిస్తుంది. దాన్ని ఎలా సరిచేయాలని అందరూ అడుగుతారు గానీ, అన్ని వైపులా తిరుగుతున్నా ఎందుకు ఊడిపోదు అని అడిగేవాళ్లు తక్కువ. దాని చరిత్ర అంతా ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

1974లో హంగరీ దేశపు బుడాపెస్ట్ నగరంలో ఎర్నో రూబిక్ అనే అధ్యాపకుడు దీన్ని కనిపెట్టాడు. మొదట కొయ్య ముక్కల్ని రబ్బరు బ్యాండ్లతో కట్టి చూస్తే, తిప్పినప్పుడు అవి తెగిపోయాయి. అప్పుడు ముక్కలే ఒకదాన్నొకటి పట్టుకునేలా చేశాడు. ఆరు ముఖాల నడిమి ముక్కలు లోపలి ఇరుసుకు బిగించి ఉంటాయి. వాటి కింద అంచు ముక్కల పాదాలు, అంచు ముక్కల కింద మూల ముక్కల పాదాలు దూరి ఉంటాయి.

1980ల మొదట్లో పీటర్ సెబెస్టెనీ 4 వరుసల క్యూబు చేశాడు. దానికి నడిమి ముక్క లేదు కాబట్టి, లోపల గాడులున్న గుండు పెట్టి ముక్కలు వాటిలో జారేలా చేశాడు. తర్వాత జర్మనీకి చెందిన ఊడో క్రెల్ 5 వరుసలది చేశాడు. ఆ తర్వాత దాదాపు పాతికేళ్లు 6, 7 వరుసల క్యూబులు అంగడికి రాలేదు!

ఎందుకని? నేను కాగితాలతో చేసి చూశాను, మీరూ చేయండి. 14 సెంటీమీటర్ల చదరాలు రెండు కత్తిరించి, 2 సెంటీమీటర్ల గడులు గీయండి. వరుసకు 7 గడులు వస్తాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి, నట్టనడుమ గుండుసూది గుచ్చి, పైదాన్ని 45 డిగ్రీలు తిప్పండి. మూల గడి లోపలి కొన, నడిమి నుంచి అడ్డంగా 5, నిలువుగా 5 సెంటీమీటర్ల దూరంలో ఉంది. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం అది 7.07 సెంటీమీటర్లు. కింది చదరం అంచు 7 దగ్గరే ఆగిపోతుంది. అంటే మూల గడి పూర్తిగా గాలిలో ఉంది! క్యూబులో అయితే ఆ ముక్కకు పట్టు దొరకదు. అదే 12 సెంటీమీటర్ల చదరంలో 6 గడులైతే 5.66 వస్తుంది, అంచు 6. కొంచెం పట్టు మిగులుతుంది.

గ్రీసు దేశపు పనాయోటిస్ వెర్డెస్ దీనికి దారి కనిపెట్టాడు. ముక్కల పాదాలు శంకువు ఆకారపు తలాల మీద జారేలా చేశాడు. 7 వరుసల క్యూబు ముఖాల్ని కొంచెం ఉబ్బెత్తుగా చేశాడు. పక్కలు మధ్యలో బయటికి వస్తాయి కాబట్టి, తిరిగే మూల ముక్కకు కింద ఆధారం దొరికింది. 6 వరుసలదానిలో కూడా లోపల ఏడో వరుస ఒకటి దాగి ఉంటుంది. 2008లో ఇవి అమ్మకానికి వచ్చాయి. 7 వరుసల క్యూబులో బయటికి కనిపించే ముక్కలే 218.

బయటి వరుసల్ని మందంగా చేయడం ఇంకో ఉపాయం. 2011లో ఆస్కార్ వాన్ డెవెంటర్ ఇలాగే 17 వరుసల క్యూబు చేశాడు. త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన దానిలో 1,539 భాగాలున్నాయి.

మిల్లీమీటరు కూడా లేని సందు అంత పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. దాన్ని లెక్కగట్టే సిద్ధాంతం మన పాఠ్యపుస్తకంలోనే ఉంది. అది మార్కుల కోసమే అనుకునే మిత్రులు ఒక్కసారి ఆ రెండు కాగితాలు తిప్పి చూడాలని నా మనవి.