కడపంక్తిలో చదువు

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. అమెరికాలో టెలివిజన్ విందు మొదలైన కొత్తలో చదువు అచ్చంగా ఆ కడపంక్తిలోనే కూర్చుంది. వడ్డించే ఏడుగురిలో ఒక్క ఆడమనిషి ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే దాని విస్తట్లో ఏం పడేదో!

ఆవిడ పేరు ఫ్రీడా హెన్నాక్. 1904లో తూర్పు ఐరోపాలోని కోవెల్ అనే ఊళ్ళో పుట్టింది. ఎనిమిదిమంది సంతానంలో కడగొట్టు పిల్ల. చిన్నప్పుడే తల్లిదండ్రులతో న్యూయార్క్ చేరి, లా చదివి, ప్లీడరై పేరు తెచ్చుకుంది. రేడియోకీ టెలివిజన్‌కీ లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌లో 1948లో ప్రెసిడెంట్ ట్రూమన్ ఆవిణ్ణి సభ్యురాలిగా వేశాడు. అంతకుముందు ఆ కుర్చీల్లో ఆడవాళ్ళెవరూ కూర్చోలేదు.

ఆ ఏడే కొత్త స్టేషన్లకి లైసెన్సులివ్వడం ఆపేశారు. ఒక ఊరి బొమ్మ మీద ఇంకో ఊరి బొమ్మ వచ్చి పడుతోందిట. గాలిలో దారులు తక్కువ, నడుస్తామనేవాళ్ళు ఎక్కువ. ఆ చిక్కు విప్పేసరికి దాదాపు నాలుగేళ్ళు పట్టింది. బయట వ్యాపారస్తులు ఎప్పుడెప్పుడా అని కాచుక్కూర్చున్నారు.

అప్పుడు ఫ్రీడా చేసిన వాదం ఏ ఇల్లాలికైనా ఇట్టే అర్థమవుతుంది. యూనివర్సిటీలు నెమ్మదిగా కదులుతాయి. కమిటీలు కూర్చోవాలి, డబ్బు మంజూరు కావాలి. వాళ్ళు తయారై వచ్చేసరికి గిన్నెలన్నీ ఖాళీ అయిపోతాయి. కాబట్టి వాళ్ళ వాటా ముందే తీసి పక్కన పెట్టమంది. బడినించి ఆలస్యంగా వచ్చే పిల్లాడికి మనం నాలుగు బూరెలు తీసి మూతపెట్టమూ? అదే లెక్క. మొత్తంలో నాలుగోవంతు కావాలని పట్టుబట్టింది. అడిగినంత రాలేదు గాని, 1952 ఏప్రిల్‌లో 242 చానెళ్ళు చదువు కోసమని విడిగా ఉంచారు.

ఆ దాచిన వాటాని అందరికంటే ముందు వాడుకున్నది హ్యూస్టన్ యూనివర్సిటీ. హ్యూస్టన్ అనగానే మనకి చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన ఊరని గుర్తు. ఇప్పుడైతే మన తెలుగువాళ్ళ కాపురాలు కూడా గుర్తొస్తాయి. అప్పట్లో అది చమురు వ్యాపారం మీద పెరుగుతున్న ఊరు. యూనివర్సిటీ కూడా 1927లో ఒక హైస్కూల్లో సాయంత్రం క్లాసులతో మొదలైందే. పగలంతా పనిచేసి రాత్రి చదువుకునేవాళ్ళు దానికి కొత్తకాదు. అక్కడి పబ్లిక్ స్కూళ్ళ బోర్డుతో కలిసి 1953 మే 25న ఎనిమిదో చానెల్ మీద ప్రసారాలు మొదలుపెట్టింది. పేరు కె.యు.హెచ్.టి. మధ్యలోవి యూనివర్సిటీ అక్షరాలు, చివరిది టెలివిజన్. మొత్తం అమెరికాలో ఇలాంటి స్టేషన్ ఇదే మొదటిది. జూన్ 8న ప్రారంభోత్సవానికి వచ్చి మాట్లాడింది ఎవరనుకున్నారు? మన ఫ్రీడాయే!

మనస్తత్వశాస్త్రం చెప్పే డాక్టర్ రిచర్డ్ ఎవాన్స్ కెమెరా ముందు నిలబడి పాఠం చెప్పాడు. ఇంట్లో కూర్చుని విని, పరీక్ష రాస్తే డిగ్రీకి పనికొచ్చే పాఠం అది. వారానికి 13 నుంచి 15 గంటలు ఇలా పాఠాలే నడిచేవి. అవీ ఎక్కువగా రాత్రిపూట. పగలంతా పనిచేసుకునేవాళ్ళకి అదేగా తీరికవేళ!

మన దగ్గర 1984 ఆగస్టు 15న యు.జి.సి. వాళ్ళు దూరదర్శన్‌లో పాఠాలు మొదలుపెట్టారు. కాని అది వేరేవాళ్ళింట్లో ఓ మూల సర్దుకున్న కాపురం. హ్యూస్టన్ వాళ్ళది సొంతిల్లు. 1959లో స్కూళ్ళ బోర్డు తప్పుకున్నాక పూర్తిగా యూనివర్సిటీదే. ప్రకటనలు అమ్ముకోకూడదు గనక ఖర్చుకి యూనివర్సిటీ చెయ్యీ, ప్రేక్షకుల చందాలూ ఆధారం. ఒకప్పుడు హ్యూస్టన్‌లోనే హైస్కూలు పంతులుగా పనిచేసిన లిండన్ జాన్సన్ ప్రెసిడెంట్ అయ్యాక, 1967లో చట్టం చేసి ఇలాంటి స్టేషన్లకి ప్రభుత్వ సొమ్ము అందే ఏర్పాటు చేశాడు.

అంతా బాగానే ఉంది. మరి ఆ సొంతింట్లో మాట ఎవరిది? ఈ ప్రశ్న 1980లో వచ్చింది. సౌదీ అరేబియాలో మరణశిక్షకి గురైన ఒక రాజవంశపు అమ్మాయి కథ ఆధారంగా తీసిన చిత్రం దేశమంతటా పబ్లిక్ స్టేషన్లలో వెయ్యాల్సి ఉంది. సౌదీ ప్రభుత్వానికి కోపం వచ్చింది. హ్యూస్టన్ యూనివర్సిటీ అధికారులు మా స్టేషన్‌లో వద్దన్నారు. ఆ ఊళ్ళో ఉండే గెర్‌ట్రూడ్ బార్న్‌స్టోన్ అనే శిల్పి ఊరుకోలేదు. “చందా కట్టే ప్రేక్షకురాల్ని, నాకు చూసే హక్కు లేదా?” అంటూ కోర్టుకెక్కింది. కింది కోర్టు చూపించమంది. పై కోర్టు ఆపింది. ఏ కార్యక్రమం వెయ్యాలో స్టేషన్ ఇష్టం, ప్రేక్షకులు బలవంతపెట్టలేరని 1982లో తేల్చేసింది.

చట్టం సంగతి అలా ఉంచండి. ఎవరి మాటకీ జంకక్కర్లేకుండా నాలుగు విషయాలు చెబుతారనే కదా చదువుకి వేరే చోటు అడిగింది! చోటు దాచిపెట్టగానే సరిపోదు. అందులో ఏం వండుతున్నారో తొంగిచూసే మనిషి కూడా కావాలి. బార్న్‌స్టోన్ కేసు ఓడిపోయిందేగాని, ఆ ప్రశ్న ఓడిపోయిందని నేననుకోను.

ఇంతలో రోజులు మళ్ళీ మారాయి. పబ్లిక్ ప్రసారాలకని ముందే కేటాయించిన 110 కోట్ల డాలర్లని 2025 జులైలో అమెరికా ప్రభుత్వం వెనక్కి తీసేసుకుంది. ఆ సొమ్ము పంచే కార్పొరేషన్, తలుపులు మూసేస్తున్నానని ఆగస్టులోనే చెప్పేసింది. మిగిలిన స్టేషన్లలాగే హ్యూస్టన్‌కీ ఇక యూనివర్సిటీ, చూసేవాళ్ళు ఇచ్చే చందాలే ప్రధానమైన దిక్కు.

ఫ్రీడా ఇదంతా చూడలేదు. 1955లో పదవీకాలం ముగిస్తే ఆవిణ్ణి మళ్ళీ వెయ్యలేదు. 1960లో పోయింది. ఆవిడ దాచిపెట్టించిన ఎనిమిదో నంబరు మాత్రం డెబ్భై ఏళ్ళు దాటినా యూనివర్సిటీ చేతిలోనే ఉంది. ప్రభుత్వం గరిటె కింద పెట్టేసింది గనక, ఇహమీదట వడ్డించాల్సింది ఆ పంక్తిలో కూర్చున్నవాళ్ళే.