తలుపుకు రక్షణ ఉంది, ఫైలుకో?

గోప్యత అనే మాట వినగానే మనకు ముందు స్ఫురించేవి మూసిన తలుపు, అంటించిన కవరు. పిలవని ఇంట్లోకి వెళ్లకూడదు, ఒకరి ఉత్తరం మరొకరు విప్పకూడదు అన్న మర్యాద మనకు కొత్త కాదు. అయితే డిజిటల్ సమాజంలో గోప్యతకు భంగం కలగడానికి ఎవరూ మన గడప తొక్కనక్కరలేదు. వేర్వేరు సందర్భాల్లో మనమే ఇచ్చిన వివరాలు ఒకచోట చేరితే చాలు. తలుపుకు ఉన్న రక్షణ మన గురించిన ఫైలుకు కూడా ఉండాలన్న వాదం మన సుప్రీంకోర్టులో 1962లో వినిపించింది, 2017లో నెగ్గింది. ఆ చరిత్రనూ, డేటాను జాగ్రత్తగా పంచుకోవడానికి అది నేర్పే పాఠాలనూ పరిశీలిద్దాం.

ఒక హిస్టరీ షీటు కథ

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ మీద 1941లో బందిపోటు కేసు వచ్చింది. సాక్ష్యం లేక విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేరిట హిస్టరీ షీటు తెరిచారు. మన వైపు రౌడీ షీటు అనే మాట అందరికీ తెలిసిందే. ఇదీ ఆ కోవలోదే. ఆ రాష్ట్ర పోలీసు నిబంధనల్లో 236వది ఇలాంటివారిపై నిఘా ఎలా ఉండాలో చెబుతుంది. ఇంటి దగ్గర రహస్యంగా కాపలా కాయడం, రాత్రివేళ ఇంటికి వెళ్లి చూడడం, అలవాట్లు, సహవాసాలు, ఆదాయం, ఖర్చు, వృత్తి గురించి ఆరా తీయడం, ఎప్పుడు ఊరు దాటిందీ చౌకీదారు తెలియజేయడం, ఇవన్నీ షీటులో రాసిపెట్టడం అందులోని అంశాలు.

1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రివేళ ఇంటికి వెళ్లడం చెల్లదని కొట్టివేసింది. మిగిలినవాటిని మెజారిటీ నిలబెట్టింది. మనిషి రాకపోకలకు భౌతికమైన ఆటంకం లేనప్పుడు స్వేచ్ఛకు భంగం లేదనీ, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదనీ వారి అభిప్రాయం. అంటే తలుపుకు రక్షణ దొరికింది గానీ ఫైలుకు దొరకలేదు.

దీనితో విభేదించినవారు ఇద్దరు: జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షా. సుబ్బారావు గారు రాజమహేంద్రవరంలో పుట్టి, 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయినవారు. నిత్యం ఎవరో గమనిస్తున్నారని తెలిసిన మనిషి, కాళ్లకు సంకెళ్లు లేకపోయినా, స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదన్నది ఆయన తర్కం. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని, ఆ నిబంధన మొత్తం చెల్లదని ఆయన తేల్చారు.

1994లో ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ కేసులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, 1996లో టెలిఫోన్ల ట్యాపింగ్ కేసులో జస్టిస్ కుల్దీప్ సింగ్ గోప్యతను 21వ అధికరణంలో భాగంగా గుర్తించారు. కానీ ఇవి చిన్న ధర్మాసనాలు. అందువల్ల, 2012లో దాఖలైన ఆధార్ వ్యాజ్యంపై వాదనల్లో, గోప్యత ప్రాథమిక హక్కు కాదని 1954, 1962 నాటి పెద్ద ధర్మాసనాల తీర్పులను చూపి 2015లో కేంద్ర ప్రభుత్వం వాదించగలిగింది. జస్టిస్ చలమేశ్వర్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తులు ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి నివేదించారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. 1962 నాటి మైనారిటీ అభిప్రాయమే సరైనదన్నారు. 1976లో కన్నుమూసిన సుబ్బారావు గారు దాన్ని చూడలేకపోయారు.

పేరు తీసేస్తే సరిపోతుందా?

236వ నిబంధనలోని జాబితాను మరోసారి చూడండి. అలవాట్లు, సహవాసాలు, ఆదాయం, ఖర్చు, రాకపోకలు. ఆనాడు ఇవి సేకరించడానికి ఒక చౌకీదారు నెలల తరబడి తిరగాలి. నేడు మన చేతిలోని ఫోనే వాటిని నమోదు చేస్తుంది. శ్రమ ఎక్కువైనప్పుడు కొందరి మీదే నిఘా సాధ్యం. శ్రమ లేనప్పుడు అందరి మీదా సాధ్యమే.

పేర్లు తొలగించి ఇస్తే డేటా సురక్షితమని చాలాకాలం అనుకున్నారు. 1990లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల ఆసుపత్రి వివరాలను పేర్లు లేకుండా పరిశోధకులకు ఇచ్చింది. లతాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 20 డాలర్లకు కేంబ్రిడ్జి పట్టణ ఓటర్ల జాబితా కొని, రెండింటినీ పోల్చి, ఆ రాష్ట్ర గవర్నరు వైద్య వివరాలను గుర్తుపట్టారు. అందుకు పుట్టిన తేదీ, లింగం, పోస్టల్ కోడు సరిపోయాయి. ఈ మూడింటితో అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని 2000లో ఆమె అంచనా వేశారు.

మన లెక్క వేసి చూద్దాం. 80 ఏళ్ల పరిధిలో పుట్టిన తేదీలు దాదాపు 29,200. స్త్రీ, పురుషులుగా విడదీస్తే 58,400 గడులు. దేశంలో పిన్‌కోడులు సుమారు 19 వేలు, జనాభా 140 కోట్ల పైచిలుకు. అంటే ఒక్కో పిన్‌కోడులో సగటున 74 వేల మంది. ఒక్కో గడిలో సగటున పడేది ఒకటిన్నర లోపే! వృత్తో, రక్తం గ్రూపో తోడైతే చాలాచోట్ల మిగిలేది ఒక్కరే. విడివిడిగా ఏ వివరమూ రహస్యం కాదు. కలయికే రహస్యాన్ని బయటపెడుతుంది.

ఎందుకు, ఎంత, ఎన్నాళ్లు?

అలాగని డేటా పంచుకోవడమే మానలేం. టీకాల పథకానికీ, రేషనుకూ, జనాభా లెక్కలకూ వివరాలు కావాలి. 1948 నాటి జనగణన చట్టం ఇందుకు మంచి దారి చూపింది. ఎన్యూమరేటరుకు మనం చెప్పిన వివరాలు ఉన్న రికార్డులను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, ఆ చట్టం కింద నేరాలకు తప్ప వాటిని సాక్ష్యంగా వాడడానికీ వీల్లేదు. లెక్క కోసం ఇచ్చినది లెక్కకే పరిమితం. ఆ హామీ వల్లే ప్రజలు నిజం చెబుతారు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ సూత్రాన్ని విస్తరించింది. ఏ పనికి తీసుకుంటున్నారో చెప్పాలి, ఆ పనికి అవసరమైనంతే తీసుకోవాలి, పని అయ్యాక తొలగించాలి. తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ప్రధాన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు.

పౌరులుగా మనం అడగవలసినవీ ఈ మూడు ప్రశ్నలే: ఎందుకు, ఎంత, ఎన్నాళ్లు? లాడ్జీలో గుర్తింపు కోసం ఆధార్ జిరాక్సు అడిగితే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. దుకాణంలో బిల్లుకు ఫోను నంబరు తప్పనిసరా అని అడగవచ్చు. పాస్‌వర్డు బయటపడితే మార్చుకోగలం. వేలిముద్రను, పుట్టిన తేదీని మార్చుకోలేం. కాబట్టి ఈ రెండింటి విషయంలో జాగ్రత్త ముందే ఉండాలి.

ఒక సంగతి మరువరాదు. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో తన సంస్థలను ఈ చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. అలాంటి మినహాయింపు కూడా 2017 తీర్పు పెట్టిన పరీక్షకు నిలవాలి: చట్టం ఉండాలి, ఉద్దేశం న్యాయమైనదై ఉండాలి, చర్య అవసరానికి మించకూడదు. ఖరక్ సింగ్ ఫైలు ఒక పోలీసు ఠాణా బీరువాలో ఉండేది. మన ఫైళ్లు ఎన్ని చోట్ల ఉన్నాయో మనకే తెలియదు. తెలుసుకునే హక్కును మాత్రం కొత్త చట్టం మన చేతికి ఇచ్చింది. దాన్ని వాడుకోవడం నేర్చుకోవాలి.