పందెం కేసు: అప్పుడూ, ఇప్పుడూ

గత నెల మా మనుమణ్ణి జడ్చర్ల రోడ్డుపై పోలీసులు ఆపారు. స్నేహితుడితో మోటారుసైకిలు పందెం వేశాడని కేసు. "జరిమానా కట్టేసి వస్తా తాతా" అన్నాడు. ఆగమన్నాను.

నేను నల్గొండ జిల్లాలో బెంచి క్లర్కుగా చేరిన రోజుల్లో 1939 నాటి మోటారు వాహనాల చట్టం నడిచేది. పందేల నిషేధం అందులోనూ ఉంది. కానీ మా రిజిస్టర్లకెక్కినవి లైట్లు లేని లారీలు, లైసెన్సు లేని డ్రైవర్లే. పందెమంటే జాతరలో ఎడ్లబండ్లదే గుర్తుకొచ్చేది! 1989 జూలై 1న 1988 చట్టం అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేస్తే 189వ సెక్షన్ కింద నెల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2019 సవరణతో అవి మూడు నెలలు, 5,000 రూపాయలయ్యాయి. మళ్ళీ చేస్తే ఏడాది, 10,000.

వట్టి వేగానికి 183, ప్రమాదకరంగా నడిపితే 184 వేరే ఉన్నాయి. 189 నిలబడాలంటే బండ్ల మధ్య పోటీ ఉండాలి. నేరం ఒప్పుకొని జరిమానా కడితే శిక్ష పడినట్టే. అలా తొందరపడి ఒప్పుకొని, కొన్నేళ్ళకు సర్కారు కొలువు ఫారం చేతపట్టుకొని తీర్పు నకలు కోసం నా బల్ల దగ్గరికొచ్చిన కుర్రవాళ్ళను చూశాను.

"నిజం చెప్పు, పందెమేనా?" అని అడిగాను. తల దించుకొని "అవును తాతా" అన్నాడు. అంతవరకు వాడి తరఫున నేను కూడబెట్టుకున్న సెక్షన్లన్నీ అక్కడికి సరి. వకీలు గారికీ అదే మాట చెప్పించాను. సోమవారం వాయిదా. నేనూ వెంట వెళుతున్నాను.