సూరతు చెప్పు సాక్ష్యము

తాపీనది ఖంభాత్ సింధుశాఖలో కలియుచోట, సూరతునకు పడమట నున్న హజీరా ప్రాంతము నాలుగు శతాబ్దులుగా పరదేశులకు ద్వారమై యున్నది. 1612లో ఇంగ్లీషు ఓడలు పోర్చుగీసువారితో పోరాడినది దీని చేరువనున్న సువాలీ రేవుననే. 1615లో జహంగీరు కొలువునకు రాయబారిగా వచ్చిన సర్ టామస్ రో నేల దిగినదియు నచ్చటనే. ఇటీవలి దశాబ్దములలో ఎరువులు, ఉక్కు, సహజవాయువుల కర్మాగారములు వెలయగా, ఒడిశా, బీహారు ప్రాంతముల శ్రామికులిచటికి వచ్చిరి. సూరతు మగ్గములను తెలంగాణపు పద్మశాలీలు నడపుచున్నారు. పలుజనులు కలిసిన యిట్టి చోట "ఆ జాతియే అంత" యను మాట పుట్టి పరిపాలనలోనికి ఎట్లు చొరబడునో ఈ మండలపు చరిత్ర చూపుచున్నది.

ఇచ్చటి పొలములను తరతరములుగా దున్నినవారు, పూర్వము దుబ్లాలనబడి నేడు హళపతులనబడు గిరిజనులు. పెండ్లికై భూస్వామి యొద్ద అప్పుగొని, అది తీరనందున తాను అతని పొలమునను, భార్య అతని యింటను జీవితాంతము ఊడిగము చేయుటకు హాలీ పద్ధతి యని పేరు. ఎంత శ్రమించినను తన పాలికేమియు మిగులనివాడు రేపటికై కూడబెట్టకుండుట వింత కాదు. కాని యజమానులు ఆ దాస్యఫలమునే జన్మస్వభావముగా నెంచి, వీరు సోమరులు, త్రాగుబోతులు అనిరి. ఈ మండలములోని బార్డోలీలో చక్కెర కర్మాగారము వెలసి, చెఱకు నఱకుటకు స్థానికులను కాదని ఖాందేశము నుండి కూలీలను రప్పించినప్పుడును ఆ మాటయే సమాధానమయ్యెను. ఆ సీమను చిరకాలము పరిశోధించిన డచ్చి సామాజికశాస్త్రజ్ఞుడు యాన్ బ్రేమన్ చూపిన కారణము వేఱు: బయానా పుచ్చుకొని, కూలీల మేస్త్రీయగు ముకద్దమునకు కట్టువడి, గుడారములలో నుండి రేయింబవళ్లు పిలిచిన వేళకు లేవక తప్పనివాడే యజమానికి అనుకూలుడు.

స్థానికునకు సోమరితనమంటగట్టినట్లే వలసవానికి అశుచిత్వమంటగట్టిరి. 1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు పొడసూపి లక్షలాది జనులు పారిపోయిన దినములలో, నింద మురికివాడలలోని పరప్రాంతీయులపై బడెను. 1995లో ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనరుగా వచ్చి, అనుదినము చెత్త నెత్తించి, మురుగుకాలువలు బాగుచేయించి, అధికారులను వీథులలోనికి పంపెను. అనతికాలముననే సూరతు దేశపు పరిశుభ్రనగరములలో రెండవదిగా పేరొందెను. వలసజనులు నగరమును వీడలేదు, మాఱినది పురపాలన.

పరులను వేలెత్తి చూపు నధికారము తెలుగువారికిని లేదు. గాడిదలపై ఉప్పును ధాన్యమును మోసి అమ్ముకొను ఎఱుకలవారి బ్రతుకుతెరువును రైలుమార్గములును సర్కారువారి ఉప్పు పన్నులును హరింపగా, 1871లో పుట్టి 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించిన నేరస్థ జాతుల చట్టము వారిని పుట్టుకచేతనే దోషులను చేసి, బాపట్ల చేరువ స్టువర్టుపురము వంటి కాలనీలలో కాపలా నడుమ నుంచెను. 1952లో చట్టము రద్దయినను దాని నింద నేటికిని కొందఱి నోట మెలగుచున్నది.

మూడు చోట్లను దోషమొక్కటే: కొందఱియందు గన్నదానిని కులమునకెల్ల ఆరోపించి, పరిస్థితి కల్పించినదానిని రక్తమునకు అంటగట్టి, కాదని చూపినవానిని మినహాయింపని త్రోసివేయుట. స్థానికులకు కొలువులలో పాలెంత, వలసవారికి హక్కులెన్ని యను వాదము లేచినపుడెల్ల, ఏ జాతి ఎట్టిదని గాక, కూలి యెంత, అప్పెవ్వరి చేతిలోనున్నది, వాడకు నీరును కాలువయు గలవా యని మొదట విచారింపవలెను. ఆ విచారణ లేని శాసనము ఎవ్వరి పక్షమున నిలిచినను న్యాయము కాజాలదు.