బంగ్లాదేశ్: చిటికెడు ఉప్పు, ఎర్ర రంగు బోరింగు



నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో ఒక రాత్రి మా డ్యాష్‌బోర్డ్ మొత్తం పచ్చగా ఉంది, యూజర్లేమో లాగిన్ అవ్వలేక తిట్టుకుంటున్నారు. ఎందుకంటే సర్వర్ ఆన్‌లో ఉందా అన్నదే మేం చెక్ చేస్తున్నాం. మనిషి పని అవుతోందా అని ఎవరూ చూడలేదు. ఇవాళ చెప్పబోయేది ఒక దేశం కథ. కానీ గొడవ ఇదే.

1971లో బంగ్లాదేశ్ పుట్టింది. ముందు ఏడాదే పెద్ద తుఫాను, ఆ వెంటనే యుద్ధం. ఈ దేశం బతికి బట్టకట్టదని చాలామంది అనుకున్నారు. పిల్లల్ని ఎక్కువగా చంపుతున్న వాటిలో నీళ్ల విరేచనాలు ఒకటి. మందు లేక కాదు. ఒంట్లో నీళ్లు అయిపోతే నరానికి సెలైన్ ఎక్కించాలి, పల్లెలో ఆ సెలైన్ ఎక్కడ దొరుకుతుంది?

దీనికి జవాబు అప్పటికే ఢాకాలో దొరికింది. 1968లో అక్కడి కలరా రీసెర్చ్ ల్యాబ్‌లో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు ఒక సంగతి నిరూపించారు. ఉప్పు, గ్లూకోజ్ సరైన పాళ్లలో కలిపిన నీళ్లు తాగిస్తే చాలు, సెలైన్ అవసరం బాగా తగ్గిపోతుంది. 1971లో బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపి తాగించారు. అప్పటిదాకా 30 శాతం దగ్గరున్న చావులు, ఇవి తాగినవాళ్లలో 4 శాతం లోపుకు వచ్చాయి. మనం మెడికల్ షాపులో కొనే ఓఆర్ఎస్ ఇదే.

సరే, పల్లెటూరి తల్లికి ఇది చేరేదెలా? ఫజ్లే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ సంస్థ 1980లో ఇంటింటికీ ఆడవాళ్లను పంపింది. మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. అంతే రెసిపీ. పదేళ్లలో కోటీ 20 లక్షలకు పైగా ఇళ్లు తిరిగారు.

ఇక్కడ నాకు పిచ్చగా నచ్చింది వాళ్ల జీతం లెక్క. ఎన్ని ఇళ్లు తిరిగావు అని అడగలేదు. నెల తర్వాత ఇంకో మనిషి వెళ్లి, కొన్ని ఇళ్లు ఏరుకుని, ఆ తల్లుల్ని అడిగేవాడు: ఏం గుర్తుంది, ఎలా కలుపుతావు? తల్లికి ఎంత గుర్తుంటే, నేర్పిన అమ్మాయికి అంత డబ్బు. మొదట్లో నేర్చుకున్నా వాడేవాళ్లు తక్కువే. ఎందుకని ఆరా తీస్తే, నేర్పే అమ్మాయిల్లోనే కొందరికి దాని మీద నమ్మకం లేదని తేలింది. వాళ్లకు మళ్లీ ట్రైనింగ్ ఇచ్చారు, ఊళ్లో మగవాళ్లతో కూడా మాట్లాడారు.

దీనికి టీకాలు, కుటుంబ నియంత్రణ, ఆడపిల్లల చదువు తోడయ్యాయి. 1990లో పుట్టిన ప్రతి 1,000 మందిలో 140కి పైగా పిల్లలు ఐదేళ్లు నిండకుండానే పోయేవారు. 2015కి అది 40 లోపుకు వచ్చింది. ఐక్యరాజ్యసమితి పెట్టిన సహస్రాబ్ది లక్ష్యాల్లో పిల్లల మరణాల లక్ష్యాన్ని ఆ దేశం అందుకుంది.

ఇప్పుడు రెండో లెక్క.

అదే విరేచనాలకు ఇంకో విరుగుడు కూడా మొదలుపెట్టారు. చెరువు నీళ్లు మానేయండి, బోరింగు నీళ్లు తాగండి అన్నారు. ప్రభుత్వం, యునిసెఫ్ మొదలుపెట్టాయి, తర్వాత జనమే లక్షల్లో వేయించుకున్నారు. ఉద్దేశం మంచిదే. క్రిములూ తగ్గాయి. కానీ ఆ మట్టి పొరల్లో సహజంగానే ఆర్సెనిక్ ఉంది. అంటే పాషాణం. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అరచేతులు మొద్దుబారి గట్టిపడటం, ఒంటి మీద మచ్చలు, ఏళ్లు గడిచాక క్యాన్సర్. అది 1993లో బయటపడింది. అప్పటిదాకా బోరింగులు లెక్కపెట్టారు గానీ, నీళ్లలో ఆర్సెనిక్ ఉందేమోనని చూడలేదు.

2000 తర్వాత దాదాపు 50 లక్షల బోరింగులు పరీక్షించారు. మంచివాటికి ఆకుపచ్చ రంగు, చెడ్డవాటికి ఎర్ర రంగు. దాదాపు 14 లక్షలకు ఎర్ర రంగు పడింది. ఒక్కసారి ఊహించండి, నిన్నటిదాకా బిడ్డకు నీళ్లు పట్టిన బోరింగుకే ఇవాళ ఎర్ర రంగు వేసి పోయారు.

2015లో సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు వచ్చాయి. మొత్తం 17, గడువు 2030. నీళ్ల లెక్క ఇందులో మారింది. బోరు ఉంటే చాలదు. నీళ్లు ఇంటి దగ్గరే ఉండాలి, కావాల్సినప్పుడు రావాలి, మలంలోని క్రిములు, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ లేవని తేలాలి. పాత తరహా లెక్కలో, 2020 నాటికి బంగ్లాదేశ్‌లో 98 శాతం మందికి నీళ్లున్నాయి. కొత్త లెక్కలో అది 60 శాతం లోపే. నీళ్లు మారలేదు ఫ్రెండ్స్, అడిగిన ప్రశ్న మారింది.

ఆ లిస్టులో ఫ్లోరైడ్ అన్న మాట విన్నారు కదా. అది మన గొడవ. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండలో వంకర తిరిగిన కాళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడా భూమిలోంచి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లే ఒళ్లు పాడు చేశాయి.

అందుకే ఈసారి ఫలానా దేశం ఇంత శాతం సాధించింది, ఫలానా రాష్ట్రం ఫస్ట్ అన్న పోస్టర్ కనిపిస్తే, షేర్ చేసేముందు ఒక్కటి అడగండి: ఏం లెక్కపెట్టారు? బోరింగులనా, నీళ్లనా? తిరిగిన ఇళ్లనా, తల్లికి గుర్తున్నదాన్నా?

మీ ఊరి నీళ్లు చివరిసారి ఎప్పుడు టెస్ట్ చేశారో పంచాయతీలో అడిగి, కామెంట్లో రాయండి. నేనూ మా ఊళ్లో అడుగుతాను. మళ్లీ కలుద్దాం.