కడలిలో సమాధి

మృతదేహమును సముద్రమునకు అప్పగించుట మిక్కిలి సులభమైన కార్యమని తోచును. త్రవ్వవలసిన గొయ్యి లేదు, కొనవలసిన నేల లేదు. కాని నావికుల చరిత్రను పరిశీలించినచో, అప్పగించుటకంటె అప్పగించినదానిని అడుగున నిలుపుటయే కష్టమని తెలియును.

18వ శతాబ్దమున బ్రిటిషు యుద్ధనౌకలపై మృతుని, అతడు నిద్రించిన గుడ్డ ఊయలలోనే చుట్టి కుట్టెడివారు. ఆ పని తెరచాపలు కుట్టువానిది. పాదములవద్ద రెండు ఫిరంగి గుండ్లు ఉంచెడివారు. కడపటి కుట్టు ముక్కుగుండ వేయుట ఆచారమని నావికులు చెప్పుకొందురు; ప్రాణమున్నచో ఆ పోటునకు మేల్కొనునని కాబోలు! పిమ్మట దేహమును పలకపై ఉంచి, జెండా కప్పి, 1662 నాటి ఆంగ్ల ప్రార్థన గ్రంథమున ఇందుకై చేర్చిన వాక్యములు చదివి, పలకను ఎత్తెడివారు. జెండా మాత్రము ఓడలో మిగిలెడిది.

అయితే బరువు కట్టినను కడలి ఒక్కొక్కప్పుడు మాట నిలుపుకొనదు. 1799లో నేపుల్సు నౌకాధిపతి కరాచ్చోలో తన రాజును విడిచి గణతంత్రవాదులతో చేరి, పట్టుబడెను. ఆంగ్ల సేనాని నెల్సన్ ఆజ్ఞచే విచారణయు, ఉరియు ఒకే దినమున ముగిసినవి. శవమునకు బరువులు కట్టి అఖాతమున విడిచిరి. కొలది దినములకు, రాజు ఫెర్డినాండు నెల్సన్ ఓడపై ఉండగా, ఆ శవము నీటిపై నిటారుగా తేలివచ్చెను. లోపల పుట్టిన వాయువులు దేహమును పైకెత్తినవి. కాళ్ల బరువు దానిని నిలువున నిలిపినది. అతడు క్రైస్తవ సమాధిని కోరి వచ్చెనని ప్రక్కవారు రాజుతో అనిరని చెప్పుదురు. తుదకు ఆ దేహమును నేపుల్సులోని ఒక చర్చిలో భూస్థాపితము చేసిరి.

ఆరేండ్లకు, 1805 అక్టోబరు 21న, ట్రఫాల్గర్ యుద్ధమున గాయపడి ప్రాణము విడుచుచున్న నెల్సన్, తన్ను సముద్రమున పడవేయవలదని కెప్టెన్ హార్డీని వేడుకొనెను. ఈ రెండు సంఘటనలను విడివిడిగా చదువుట మాకు సాధ్యము కాకున్నది. ఆయన కోర్కె నెరవేరెను. దేహమును బ్రాందీ పీపాలో ఉంచి స్వదేశమునకు చేర్చి, 1806 జనవరి 9న లండను సెయింటు పాల్సు దేవాలయమున సమాధి చేసిరి. ఆనాటి పోరులో కూలిన సామాన్య నావికులలో అనేకులకు ఊయలయు, ప్రార్థనయు కూడ దక్కలేదు. ఫిరంగులు మ్రోగుచుండగనే వారిని కడలిలో విడిచిరి.

నేటికిని ఇంగ్లండులో కోరినవారికి ఇట్టి సమాధి లభించును. దానికి ప్రభుత్వపు లైసెన్సు కావలెను. రసాయనములతో భద్రపరచిన దేహమును అంగీకరింపరు. నెల్సన్ పీపా నేడైనచో తిరస్కృతమగును! పెట్టె మెత్తని కలపతో చేసినదై ఉండవలెను. నీరు వెంటనే నిండుటకు దానికి 40 మొదలు 50 వరకు రంధ్రములు తొలుతురు. అడుగున సుమారు 200 కిలోల ఇనుమో, కాంక్రీటో సమముగా బిగింతురు. పాదములవద్ద మాత్రమే బరువుంచు పద్ధతి లేదు. ఇవన్నియు జరిగిన పిమ్మటకూడ, దేహము వలలో పడినను ఒడ్డునకు కొట్టుకొనివచ్చినను గుర్తించుటకై, దాని మెడకు ఒక బిళ్ల తగిలింతురు. దానిపై చెరగని విధముగా చెక్కినది మృతుని గుర్తు సంఖ్యయు, అంత్యక్రియలు జరిపించినవారి టెలిఫోను నంబరును.